ఎస్‌కాన్స్‌లో సొంత బిల్డర్: మొదటిసారి ఫెయిల్, రెండోసారి పాస్. ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎస్‌కాన్స్ (పైథాన్‌తో నడిచే బిల్డ్ టూల్) వాడే మీ ప్రాజెక్టులో ఎర్రర్ కోడ్‌లన్నీ టీబీఎల్ ఫైళ్లలో పట్టికలుగా ఉన్నాయి. ఒక పైథాన్ స్క్రిప్ట్ ఒక్కో పట్టికను చదివి ఒక సి ఫైలు, ఒక హెడర్ తయారుచేస్తుంది. ఇన్నాళ్లూ ప్రతిచోటా 'కమాండ్' అని రాసుకుంటూ వచ్చారు, ఈమధ్యే దాన్ని సొంత బిల్డర్‌గా, అంటే ఏ ఫైలు నుంచి ఏ ఫైలు ఎలా తయారవుతుందో ఒకసారి చెప్పి పదేపదే వాడుకునే నియమంగా, మార్చారు. అప్పటినుంచి మూడు ఇబ్బందులు. ఒకేసారి ఎనిమిది జాబ్‌లతో నడిపితే ఒక్కోసారి హెడర్ దొరకలేదని ఆగిపోతోంది, మళ్లీ నడిపితే ఏమీ మార్చకుండానే అయిపోతోంది. స్క్రిప్ట్ మార్చినా పాత ఫైళ్లే ఉండిపోతున్నాయి. ఒక పట్టిక లోపల ఇంకో పట్టికను ఇన్‌క్లూడ్ చేసినప్పుడు, లోపలి దాన్ని మారిస్తే అసలు కదలికే లేదు.

సూటిగా చెప్తాను. మీ బిల్డర్ చేసే పని సరిగ్గానే ఉంది. ఆ పని ఏమేం చదువుతుందో, ఏమేం పుట్టిస్తుందో ఎస్‌కాన్స్‌కు పూర్తిగా చెప్పలేదు. హెడర్‌ను కూడా టార్గెట్‌గా, అంటే బిల్డర్ తయారుచేసే ఫైలుగా, చూపించే ఎమిటర్ ఒకటి రాయండి. స్క్రిప్ట్‌ను 'డిపెండ్స్' తో (ఇది మారితే అదీ మళ్లీ తయారవ్వాలి అని చెప్పే మాట) కట్టేయండి. పట్టికల్లో ఇన్‌క్లూడ్ లైన్ల కోసం చిన్న స్కానర్, అంటే ఒక ఫైలు ఏ ఫైళ్ల మీద ఆధారపడిందో చదివి చెప్పే ఫంక్షన్, పెట్టండి. మూడూ కలిపి నలభై లైన్లు దాటవు, మీ మూడు ఇబ్బందులూ పోతాయి.

ఇక కారణాలు. పదేళ్లకు పైగా పెద్ద సి ప్రాజెక్టుల బిల్డ్ చూసుకోవడమే నా పని కాబట్టి, దారిలో నేను తిన్న దెబ్బలు కూడా కలిపి చెప్తాను.

రెండోసారి ఎందుకు పాస్ అవుతోంది?

ఖాళీ ఫోల్డర్‌లో మొదటిసారి నడిపినప్పుడు జరిగేది ఒక్కో అడుగూ చూద్దాం. ఎస్‌కాన్స్ మీ మెయిన్ ఫైలు తెరిచి ఇన్‌క్లూడ్ లైన్లు వెతుకుతుంది. 'కోడ్స్ డాట్ హెచ్' అన్న పేరు కనబడుతుంది. ఆ పేరుతో డిస్కు మీద ఫైలు ఉందా? ఇంకా లేదు. దాన్ని తయారుచేస్తానని ఏ బిల్డరైనా మాట ఇచ్చిందా? అదీ లేదు, ఎందుకంటే మీ బిల్డర్‌లో సఫిక్స్‌గా డాట్ సి ఒక్కటే ఉంది. దొరకని హెడర్‌ను ఎస్‌కాన్స్ తప్పుగా చూడదు. కంపైలర్‌కు తెలిసిన సిస్టమ్ హెడర్ ఏదో అయి ఉంటుందని వదిలేస్తుంది. అంటే మెయిన్ ఫైలుకూ మీ పట్టికకూ మధ్య సంబంధం ఉందన్న సంగతే దానికి తెలియదు.

ఎనిమిది జాబ్‌లు ఉన్నప్పుడు మెయిన్ ఫైలు కంపైల్, మీ జనరేటర్ స్క్రిప్ట్ ఒకేసారి మొదలవుతాయి. స్క్రిప్ట్ ముందు ముగిస్తే అదృష్టం. కంపైలర్ ముందు వెళ్తే హెడర్ లేదని ఆగుతుంది. ఈలోగా స్క్రిప్ట్ తన పని ముగించి హెడర్‌ను డిస్కు మీద పెట్టేస్తుంది. అందుకే రెండోసారి అన్నీ ఉన్నచోటే ఉంటాయి, బిల్డ్ పాస్ అవుతుంది.

ఆగిపోవడం నిజానికి మంచి సంగతి, కనీసం తెలుస్తుంది. భయపడాల్సింది పాత హెడర్ అప్పటికే డిస్కు మీద ఉన్నప్పుడు. నేను చూసుకున్న ఒక ప్రాజెక్టులో అచ్చం మీలాంటి పట్టికే ఉండేది. ఒకరు మధ్యలో కొత్త కోడ్ ఒకటి చేర్చారు, దాని కిందవన్నీ ఒక్కో అంకె జరిగాయి. బిల్డ్‌లో కొన్ని ఫైళ్లు పాత హెడర్‌తో, కొన్ని కొత్త హెడర్‌తో కంపైల్ అయ్యాయి. ఎర్రర్ ఏమీ లేదు, లింక్ కూడా అయింది. ప్రోగ్రామ్ మాత్రం డిస్క్ నిండినప్పుడు 'పాస్‌వర్డ్ తప్పు' అని లాగ్‌లో రాయడం మొదలుపెట్టింది. రెండు రోజులు కోడ్‌లో వెతికాం. ఇంకోసారి బిల్డ్ చేసి ఉంటే తప్పు తనంతట తానే మాయమయ్యేది, కారణం ఎప్పటికీ తెలిసేది కాదు.

ఎమిటర్ ఎలా రాయాలి

ఎమిటర్ అంటే టార్గెట్ లిస్టు, సోర్స్ లిస్టు, ఎన్విరాన్‌మెంట్ (బిల్డ్ సెట్టింగులన్నీ ఉండేది) ఈ మూడూ తీసుకుని, మార్చిన టార్గెట్, సోర్స్ లిస్టులను తిరిగిచ్చే మామూలు పైథాన్ ఫంక్షన్. మీ విషయంలో చేయాల్సింది ఒక్కటే. మొదటి టార్గెట్ పేరులో చివరి డాట్ సి తీసి డాట్ హెచ్ పెట్టి, దాన్ని టార్గెట్ లిస్టు చివర చేర్చడం. అంతే. ఒక బిల్డర్‌కు రెండు టార్గెట్లు ఉన్నా యాక్షన్ (బిల్డర్ నడిపే కమాండ్ లేదా ఫంక్షన్) ఒక్కసారే నడుస్తుంది, రెండు ఫైళ్లూ ఆ ఒక్క పరుగులోనే వస్తాయని ఎస్‌కాన్స్‌కు తెలుసు. ఇప్పుడు మెయిన్ ఫైలులో ఆ హెడర్ పేరు కనబడగానే అది తయారు కావాల్సిన ఫైలు అని గుర్తిస్తుంది, అది వచ్చేదాకా ఆ కంపైల్‌ను ఆపుతుంది. హెడర్ ఉండే ఫోల్డర్ సీపీపీపాత్‌లో, అంటే హెడర్లు వెతికే ఫోల్డర్ల జాబితాలో, ఉండాలి సుమా. లేకపోతే పేరు కలవదు, మళ్లీ మొదటికొస్తుంది.

చేర్చే వరుస ముఖ్యం. సి ఫైలు మొదట, హెడర్ తర్వాత. బిల్డర్‌ను పిలిస్తే టార్గెట్ల లిస్టు తిరిగొస్తుంది. దాన్ని యథాతథంగా 'ప్రోగ్రామ్' సోర్సుల్లో పడేస్తే హెడర్ కూడా లింక్ కమాండ్‌లోకి వెళ్లిపోతుంది, అక్కడ వచ్చే ఎర్రర్ చూసి ఎవరికీ అసలు కారణం తట్టదు. మొదటి నోడ్ (ఎస్‌కాన్స్ లోపల ఒక ఫైలును సూచించే వస్తువు) ఒక్కటే తీసి ఇవ్వండి. ఫైలు పేరును స్ట్రింగ్‌గా మళ్లీ టైప్ చేయకుండా ఆ నోడ్‌నే ఇవ్వడం అలవాటు చేసుకోండి. రేపు వేరియంట్ డైరెక్టరీ (తయారైన ఫైళ్లు సోర్సుకు విడిగా వెళ్లే ఫోల్డర్) పెట్టినప్పుడు పాత్‌లు ఎక్కడా దిద్దక్కర్లేదు.

ఎమిటర్ గురించి ఒక హెచ్చరిక. ఎమిటర్ నడిచేది బిల్డ్ సమయంలో కాదు, ఎస్‌కన్‌స్క్రిప్ట్ ఫైళ్లు, అంటే బిల్డ్ నియమాలు రాసిన ఫైళ్లు, చదివే సమయంలో. అప్పటికి సోర్స్ ఫైలు పుట్టి ఉండకపోవచ్చు. నేను ఒకసారి ఎమిటర్ లోపలే పట్టికను తెరిచి, అందులో ఎన్ని విభాగాలుంటే అన్ని సి ఫైళ్లు టార్గెట్లుగా చేర్చాను. చాలాకాలం బాగా నడిచింది. తర్వాత ఆ పట్టికను కూడా ఇంకో స్క్రిప్ట్ తయారుచేసే ఏర్పాటు వచ్చింది. ఖాళీ ఫోల్డర్‌లో పట్టికే లేదు, ఎమిటర్ అక్కడే కూలింది. చివరికి విభాగాలన్నీ ఒకే సి ఫైలులో వచ్చేలా జనరేటర్‌నే మార్చాను. ఔట్‌పుట్ ఫైళ్ల పేర్లు ఇన్‌పుట్ పేరు చూసి చెప్పగలిగేలా ఉండాలి, ఇన్‌పుట్ లోపల చూసి చెప్పాల్సి వస్తే ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటారు. జనరేటర్ మీ చేతిలో ఉన్నదైతే దాన్ని మార్చడమే మేలు.

స్క్రిప్ట్ మారినా ఎందుకు కదలదు

ఎస్‌కాన్స్ కమాండ్ లైన్‌లో మొదటి మాటను చూసి, ఆ ప్రోగ్రామ్ పాత్‌లో (ప్రోగ్రామ్‌లు వెతికే ఫోల్డర్ల జాబితాలో) దొరికితే దాన్ని తనంతట తానే డిపెండెన్సీగా చేర్చుకుంటుంది. మంచి సౌకర్యం. కానీ మీ కమాండ్ 'పైథాన్' అని మొదలవుతుంది, మీ స్క్రిప్ట్ రెండో మాట. పైథాన్ వెర్షన్ మారితే రీబిల్డ్ అవుతుంది, మీ స్క్రిప్ట్ మారితే అవ్వదు.

నేను చేసే పద్ధతి: స్క్రిప్ట్‌ను ప్రాజెక్టు పై ఫోల్డర్ నుంచి, అంటే హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పాత్‌తో, ఒక ఫైల్ నోడ్‌గా చేసి ఎన్విరాన్‌మెంట్‌లో ఒక వేరియబుల్‌లో ఉంచుతాను. కమాండ్ స్ట్రింగ్‌లో డాలర్ గుర్తుతో ఆ వేరియబుల్‌నే వాడతాను. ఎమిటర్‌లో ఇంకో లైను: టార్గెట్లకు ఆ నోడ్ మీద 'డిపెండ్స్'. హ్యాష్ పాత్‌ను నేరుగా కమాండ్ స్ట్రింగ్‌లో రాస్తే అది విప్పుకోదు, హ్యాష్ గుర్తుతోనే షెల్‌కు చేరుతుంది. నోడ్ మధ్యలో ఉండాల్సింది అందుకే.

స్క్రిప్ట్‌ను సోర్స్ లిస్టులోనే చేర్చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. డిపెండెన్సీ వరకు సరిపోతుంది. కానీ కమాండ్‌లో డాలర్ సోర్సెస్ (సోర్సులన్నిటి పేర్లూ వచ్చే వేరియబుల్) ఎక్కడైనా ఉంటే స్క్రిప్ట్ పేరు కూడా ఇన్‌పుట్ అయిపోతుంది. 'డిపెండ్స్' తో అయితే ఆ చిక్కు ఉండదు.

మీ స్క్రిప్ట్ పక్కనే ఉన్న మాడ్యూళ్లను ఇంపోర్ట్ చేసుకుంటుంటే వాటినీ కలపండి. ఆ ఫోల్డర్ మీద 'గ్లోబ్' చేసి మొత్తం పైథాన్ ఫైళ్లన్నీ 'డిపెండ్స్' లో పెట్టేయండి. ఒకటీ అరా ఎక్కువైతే అప్పుడప్పుడు అనవసరంగా ఒకసారి రీబిల్డ్ అవుతుంది, అంతే నష్టం. ఒక్కటి తక్కువైతే పాత ఫైలుతో విడుదల వెళ్లిపోవచ్చు. జనరేటర్ బయటినుంచి తెచ్చుకున్న టూల్ అయి, దాని వెర్షన్ నంబర్ మాత్రమే తెలిసే పరిస్థితి అయితే, ఆ నంబర్‌ను 'వాల్యూ' నోడ్‌గా చేసి దాని మీద 'డిపెండ్స్' పెట్టొచ్చు. ఫైలు కాని దాన్ని డిపెండెన్సీగా చూపడానికి అదే దారి.

పట్టికలో పట్టిక

సి ఫైళ్లలో ఇన్‌క్లూడ్‌లు ఎస్‌కాన్స్‌కు తెలుసు, దానికి స్కానర్ ముందే ఉంది. మీ టీబీఎల్ భాష దానికి తెలియదు. మీరే నేర్పాలి. స్కానర్ ఫంక్షన్‌కు నోడ్, ఎన్విరాన్‌మెంట్, పాత్ అందుతాయి. నోడ్ నుంచి టెక్స్ట్ తీసుకుని, 'ఇన్‌క్లూడ్' తో మొదలయ్యే లైన్లను ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో పట్టి, ఆ పేర్లను నోడ్‌లుగా మార్చి లిస్టు తిరిగివ్వాలి. దాన్ని బిల్డర్‌కు 'సోర్స్ స్కానర్' గా ఇవ్వండి. 'రికర్సివ్' ఆన్ చేయండి, లేకపోతే మూడో మెట్టులో ఉన్న పట్టిక తప్పిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది జారేది పేరును ఫైలుగా మార్చేచోట. స్ట్రింగ్ తిరిగిస్తే అది ఏ ఫోల్డర్ నుంచి లెక్క అనే ప్రశ్న వస్తుంది. మీ జనరేటర్ 'ఇన్‌క్లూడ్' లైను ఉన్న పట్టిక ఫోల్డర్ నుంచి వెతుకుతుంటే, స్కానర్ కూడా ఆ నోడ్ ఉన్న డైరెక్టరీ నుంచే వెతకాలి. సెర్చ్ పాత్ ఉంటే అదే వరుసలో, 'ఫైండ్‌ఫైల్' తో. అది డిస్కు మీద ఉన్నవాటితోపాటు ఇంకా తయారు కావాల్సిన ఫైళ్లనూ గుర్తిస్తుంది. 'ఉందా లేదా' అని మీరే పైథాన్ ఫంక్షన్‌తో డిస్కును చూస్తే అవి తప్పిపోతాయి. జనరేటర్ ఒక చోట, స్కానర్ ఇంకో చోట వెతికితే రెండు వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరు ఉన్న రోజు తప్పు ఫైలు మీద డిపెండెన్సీ పడుతుంది.

కామెంట్లలో ఉన్న 'ఇన్‌క్లూడ్' లైన్ల గురించి మరీ మథనపడకండి. స్కానర్‌ను పూర్తి పార్సర్‌గా మార్చే ప్రయత్నాలు చూశాను, అంత అక్కర్లేదు. కామెంట్‌లోని పేరు నిజంగా ఉన్న ఫైలైతే ఒక అదనపు డిపెండెన్సీ వస్తుంది, లేనిదైతే ఫైండ్‌ఫైల్ ఏమీ ఇవ్వదు, వదిలేస్తారు.

కమాండ్ స్ట్రింగా, పైథాన్ ఫంక్షనా?

మీ ప్రశ్న చివర్లో, జనరేటర్‌ను బయటి స్క్రిప్ట్‌గా ఉంచకుండా బిల్డర్ యాక్షన్‌గా నేరుగా పైథాన్ ఫంక్షన్ పెట్టేద్దామా అని అడిగారు. నా సలహా: కమాండ్ స్ట్రింగ్‌గానే ఉంచండి. ఫంక్షన్ రాయడం తేలిక, కానీ మూడు చోట్ల ఇబ్బంది పెడుతుంది.

మొదటిది సిగ్నేచర్, అంటే యాక్షన్ మారిందో లేదో తెలియడానికి ఎస్‌కాన్స్ దాచుకునే గుర్తు. కమాండ్ స్ట్రింగ్ అయితే వేరియబుల్స్ అన్నీ విప్పిన తర్వాతి పూర్తి లైనును ఎస్‌కాన్స్ గుర్తుపెట్టుకుంటుంది. ఫ్లాగ్ ఒకటి మారితే చాలు, మళ్లీ నడుస్తుంది. ఫంక్షన్ అయితే ఆ ఫంక్షన్ బైట్‌కోడ్‌ను చూస్తుంది. ఫంక్షన్‌ను దిద్దితే రీబిల్డ్ అవుతుంది, బాగానే ఉంది. కానీ ఆ ఫంక్షన్ పిలిచే ఇంకో ఫంక్షన్ మారితే తెలుసుకోదు. లోపల ఎన్విరాన్‌మెంట్ నుంచి చదివే వేరియబుల్ మారినా తెలుసుకోదు, మీరు 'యాక్షన్' కు 'వార్‌లిస్ట్' గా (గమనించాల్సిన వేరియబుల్ పేర్ల జాబితాగా) ఆ పేరు ఇస్తే తప్ప. డీబగ్ ఫ్లాగ్‌ను ఇలా ఫంక్షన్ లోపల చదివి, వార్‌లిస్ట్ మర్చిపోయి, ఫ్లాగ్ తీసేశాక కూడా డీబగ్ టెక్స్ట్ ఉన్న ఫైళ్లతో వారంపాటు తిరిగిన టీమ్‌ను చూశాను.

రెండోది జాబ్‌లు. పైథాన్ ఫంక్షన్ యాక్షన్లన్నీ ఎస్‌కాన్స్ ప్రాసెస్ లోపలే, థ్రెడ్‌లలో నడుస్తాయి. లోపల ఎవరైనా డైరెక్టరీ మారిస్తే పక్క జాబ్‌ల కాళ్ల కింద నేల కదులుతుంది. ఇలాంటి తప్పు రోజుకోచోట బయటపడుతుంది. బరువైన లెక్కలు చేసే ఫంక్షనైతే పైథాన్ లాక్ (ఒక సమయంలో ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే తాళం) వల్ల ఎనిమిది జాబ్‌లు పెట్టినా ఒకదాని వెనక ఒకటే వెళ్తాయి. వేరే ప్రాసెస్‌గా నడిచే స్క్రిప్ట్‌కు ఈ రెండూ లేవు.

మూడోది, చేత్తో పరీక్షించడం. స్క్రిప్ట్ అయితే టెర్మినల్‌లో ఒక పట్టిక ఇచ్చి వెంటనే చూసుకోవచ్చు.

ఫంక్షనే తప్పనిసరైతే సున్నా లేదా ఏమీ తిరిగివ్వకపోవడం విజయం, ఇంకేదైనా ఫెయిల్ అని గుర్తుంచుకోండి. ఫైల్ పాత్‌లు ఎస్‌కన్‌స్ట్రక్ట్ (ప్రాజెక్టు ప్రధాన బిల్డ్ ఫైలు) ఉన్న పై ఫోల్డర్ నుంచి లెక్క. ఇంకొకటి, ఇది స్ట్రింగ్‌కూ ఫంక్షన్‌కూ వర్తిస్తుంది: మీ షెల్‌లోని పాత్ ఎస్‌కాన్స్‌కు రాదు. అది కావాలనే అలా చేశారు, ఒకరి మెషీన్‌లో అయిన బిల్డ్ ఇంకొకరి దగ్గరా అలాగే కావాలని. టెర్మినల్‌లో దొరికే టూల్ బిల్డ్‌లో దొరకలేదంటే ముందు ఎన్విరాన్‌మెంట్‌లోని 'ఈఎన్‌వీ' లో పాత్ చూడండి.

జనరేటర్ స్క్రిప్ట్ నడత

బిల్డర్ ఎంత బాగా రాసినా స్క్రిప్ట్ నడత బాగోకపోతే లాభం లేదు. 1976లో వచ్చిన 'మేక్' అనే బిల్డ్ టూల్, ఫైలు మారిన టైమ్ చూసి నిర్ణయిస్తుంది. ఎస్‌కాన్స్ మామూలుగా ఫైలు కంటెంట్‌ను చూస్తుంది. దీనివల్ల గొప్ప లాభం ఒకటుంది. పట్టికలో కామెంట్ మార్చారనుకోండి, స్క్రిప్ట్ మళ్లీ నడుస్తుంది, కానీ వచ్చిన హెడర్ అక్షరం పొల్లుపోకుండా పాతదే అయితే దానిమీద ఆధారపడ్డ ఫైళ్లేవీ కంపైల్ కావు. అక్కడితో ఆగుతుంది.

ఆ లాభాన్ని స్క్రిప్ట్ చేజేతులా పోగొట్టకూడదు. ఔట్‌పుట్ పైన తయారైన తేదీ, సమయం, మెషీన్ పేరు, పూర్తి పాత్ రాయకండి. ఇంకా లోపల దాగి ఉండేది వరుస. నా దగ్గర ఒక జనరేటర్ కోడ్ పేర్లను పైథాన్ సెట్‌లో వేసి, అందులోంచి నేరుగా హెడర్‌లోకి రాసేది. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్ హ్యాష్‌లు నడిపిన ప్రతిసారీ మారతాయి, సెట్‌లోంచి వచ్చే వరుసా మారుతుంది. పట్టికలో ఒక కామా మార్చినా హెడర్ మొత్తం తలకిందులై వచ్చేది, వందల ఫైళ్లు మళ్లీ కంపైల్ అయ్యేవి. అందరూ ఎస్‌కాన్స్ నెమ్మది అని అనుకున్నారు. రెండు హెడర్లు పక్కపక్కన పెట్టి చూస్తే లైన్లన్నీ అవే, వరుసే వేరు. 'సార్టెడ్' అన్న ఒక్క మాట చేర్చాక సరిపోయింది.

ఎగ్జిట్ కోడ్ కూడా చూడండి. స్క్రిప్ట్ తప్పు దొరికినప్పుడు మెసేజ్ ప్రింట్ చేసి సున్నాతో బయటికొస్తే, సగం రాసిన ఫైలును ఎస్‌కాన్స్ మంచిదే అనుకుంటుంది. మీరు 'క్యాష్‌డిర్' (తయారైన ఫైళ్లను టీమ్ పంచుకునే నిల్వ) వాడుతుంటే అది క్యాష్‌లోకి కూడా వెళ్తుంది, అక్కడినుంచి టీమ్ అందరికీ చేరుతుంది.

క్యాష్ మాట వచ్చింది కాబట్టి: క్యాష్‌లో దొరికిన టార్గెట్లకు ఎస్‌కాన్స్ మీ యాక్షన్‌ను అసలు నడపదు, ఫైలు తెచ్చి పెట్టేస్తుంది. మీరిప్పుడున్న స్థితిలో, అంటే హెడర్ టార్గెట్‌గా లేనప్పుడు, కొత్త మెషీన్‌లో సి ఫైలు క్యాష్ నుంచి వస్తుంది, హెడర్ ఎప్పటికీ రాదు. రెండోసారి కాదు, పదోసారి నడిపినా రాదు. ఎమిటర్ ఈరోజే పెట్టమని నేను గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

చిన్నవి రెండు. టార్గెట్లను తయారుచేసే ముందు ఎస్‌కాన్స్ పాతవాటిని తుడిచేస్తుంది, కాబట్టి పాత ఔట్‌పుట్‌కు కొంచెం కలిపే రకం టూల్ అయితే 'ప్రెషియస్' అని చెప్పాలి. అన్ని పట్టికలూ ఒకే లాగ్ ఫైలులో రాస్తుంటే దాన్ని 'సైడ్ ఎఫెక్ట్' గా చెప్పండి. అప్పుడు ఆ జాబ్‌లు రెండు ఒకేసారి నడవవు. వీలైతే ఆ ఉమ్మడి లాగే తీసేయండి, పట్టికకొక లాగ్ మేలు.

ఎక్కడ పెట్టాలి

ఒకే ఒక్క చోట వాడే పనైతే బిల్డర్ అక్కర్లేదు, 'కమాండ్' చాలు. మీకు పట్టికలు చాలా ఉన్నాయి కాబట్టి బిల్డర్ సరైన నిర్ణయమే. దాన్ని ఎస్‌కన్‌స్ట్రక్ట్‌లో కుక్కకుండా సైట్ ఎస్‌కాన్స్ ఫోల్డర్ లోపలి సైట్ టూల్స్‌లో ఒక మాడ్యూల్‌గా పెట్టండి. అందులో 'జనరేట్', 'ఎగ్జిస్ట్స్' అన్న రెండు ఫంక్షన్లుంటే చాలు, 'టూల్' అని ఒక్క మాటతో ఎక్కడైనా తెచ్చుకోవచ్చు. బిల్డర్‌ను చేర్చేటప్పుడు 'అపెండ్' వాడండి. ఎన్విరాన్‌మెంట్ సృష్టించేటప్పుడే 'బిల్డర్స్' అని నేరుగా ఇస్తే మీది తప్ప మిగతావన్నీ పోతాయి, 'ప్రోగ్రామ్' అనే మాటే తెలియదని ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్లందరికీ ఒకసారి తగిలే రాయి ఇది.

ఇంకొంచెం ఓపిక ఉంటే ఎస్‌కాన్స్ సోర్సులోనే ఉన్న 'యాక్' (yacc, వ్యాకరణ నియమాల నుంచి పార్సర్ కోడ్ తయారుచేసే ప్రోగ్రామ్) టూల్ ఫైలు చదవండి. మీ పనికీ దానికీ పోలిక దగ్గరిది: ఒక ఇన్‌పుట్ నుంచి సి ఫైలు, ఫ్లాగ్స్‌లో డి ఉంటే హెడర్ కూడా. సి ఫైల్ బిల్డర్‌కు ఒక సఫిక్స్ కోసం యాక్షన్, ఎమిటర్ ఎలా తగిలిస్తారో అందులో కనబడుతుంది. అలా చేస్తే టీబీఎల్ ఫైలు పేరును నేరుగా 'ప్రోగ్రామ్' సోర్సుల్లో రాయొచ్చు. మధ్యలో సి ఫైలు దానంతట అదే వస్తుంది, హెడర్ లింక్‌లోకి పోకుండా ఎస్‌కాన్సే వడగడుతుంది.

సరిగ్గా రాశామని ఎలా తెలుస్తుంది

నేను ప్రతి కొత్త బిల్డర్‌కూ చేసేవి ఇవి. ఖాళీ ఫోల్డర్‌లో బిల్డ్ చేసి, వెంటనే మళ్లీ చేస్తాను. రెండోసారి 'అప్ టు డేట్' అనాలి, ఒక్క కమాండ్ కూడా నడవకూడదు. తర్వాత ఒక్కో ఇన్‌పుట్‌ను, అంటే పట్టిక, లోపలి పట్టిక, స్క్రిప్ట్, దాని మాడ్యూల్, ఫ్లాగ్, ఒక్కొక్కటిగా మార్చి 'డీబగ్ ఎక్స్‌ప్లెయిన్' ఆప్షన్‌తో నడుపుతాను. ఏ ఫైలు మారినందువల్ల రీబిల్డ్ అవుతోందో అది మాటల్లో చెప్తుంది. నేను మార్చిన ఫైలు పేరే అక్కడ రావాలి. ఆ తర్వాత 'మైనస్ సి' తో క్లీన్ చేసి, గిట్‌లో ట్రాక్ కాని ఫైళ్లు ఏం మిగిలాయో చూస్తాను. మీ జనరేటర్ పుట్టించిన ఫైలు ఏదైనా అక్కడ ఉండిపోయిందంటే దాన్ని టార్గెట్‌గా చెప్పలేదని అర్థం. ఈరోజు మీరు ఈ ఒక్క పరీక్ష చేసినా హెడర్ అక్కడే కూర్చుని కనబడుతుంది.

చివరగా 'రాండమ్' ఆప్షన్‌తో, ఎక్కువ జాబ్‌లతో, ఖాళీ ఫోల్డర్ నుంచి ఓ ఇరవైసార్లు లూప్‌లో నడపండి. ఆ ఆప్షన్ డిపెండెన్సీల వరుసను ప్రతిసారీ మార్చేసి నడుపుతుంది కాబట్టి అదృష్టవశాత్తూ పాస్ అవుతున్నవి బయటపడతాయి.

మీరు రాసినదాంట్లో వేరియంట్ డైరెక్టరీ వాడుతున్నారో లేదో లేదు. వాడుతుంటే ఎమిటర్‌లో హెడర్ పేరును మొదటి టార్గెట్ పాత్ నుంచే తీయండి, సోర్స్ పాత్ నుంచి వద్దు. సోర్స్ నుంచి తీస్తే ఆ పట్టిక ఇంకో ఫోల్డర్‌లో ఉన్న రోజు సి ఫైలు ఒకచోట, హెడర్ ఇంకోచోట ఉన్నాయని ఎస్‌కాన్స్ నమ్ముతుంది, స్క్రిప్ట్ మాత్రం రెండింటినీ ఒకేచోట రాస్తుంది. ఇవన్నీ పెట్టాక కూడా ఆగుతుంటే, 'ట్రీ ఆల్' ఆప్షన్‌తో ఆ మెయిన్ ఆబ్జెక్ట్ ఫైలు కింద వచ్చే కొమ్మను ఇక్కడ పెట్టండి. అందులో హెడర్ ఉందా, దాని కింద పట్టిక, స్క్రిప్ట్ ఉన్నాయా అన్నది చూస్తే మిగిలింది ఎక్కడుందో చెప్పగలను.